నిటారు కొండవాలులో రీస్లింగ్ ద్రాక్ష: మోజెల్ లోయ కుటుంబ తోటల తెల్ల వైన్ – నాణ్యత, శ్రమ, మనుగడ

సారాంశం

జర్మనీ పశ్చిమ భాగంలోని మోజెల్ నదీలోయలో పలకరాయి నేలలు గల నిటారు కొండవాలులపై చిన్న రైతు కుటుంబాలు రీస్లింగ్ అనే తెల్లద్రాక్ష రకాన్ని సాగు చేస్తున్నాయి. దాని నుండి తయారయ్యే తెల్ల వైన్ తక్కువ ఆల్కహాలు, అధిక ఆమ్లత, దీర్ఘకాల నిల్వ గుణాలకు ప్రసిద్ధి చెందినది. ఈ నాణ్యతకు మూలమైన కొండవాలే సాగు ఖర్చును చదును నేలతో పోలిస్తే అనేక రెట్లు పెంచుతున్నది. 1990 ప్రాంతంలో 12 వేల హెక్టార్లకు పైగా ఉన్న మోజెల్ ద్రాక్ష విస్తీర్ణం నేడు సుమారు 8,500 హెక్టార్లకు తగ్గింది. వాలు, నేల, రకం, యాజమాన్యం కలిసి నాణ్యతను ఎలా కలిగిస్తాయో, ఆ నాణ్యత రైతు ఆదాయంగా మారడానికి ఏయే పరిస్థితులు అవసరమో ఈ వ్యాసం వివరిస్తుంది.

ముఖ్య పదాలు: రీస్లింగ్, మోజెల్, నిటారు వాలు సాగు, పలకరాయి నేల, కుటుంబ కమతం, స్థలనామం.

ఉపోద్ఘాతం

ఒక పంటకు కష్టమైన భూమి ఆ పంట నాణ్యతకు అనుకూలమైన భూమి కావడం వ్యవసాయంలో అరుదు కాదు. ద్రాక్ష ఇందుకు చక్కని ఉదాహరణ. సారవంతమైన చదును నేలలో ద్రాక్షతీగ ఏపుగా పెరిగి అధిక దిగుబడినిస్తుంది. రాళ్ళతో నిండిన కొండవాలులో తీగ పెరుగుదల, దిగుబడి తగ్గుతాయి. గింజలో చక్కెర, ఆమ్లం, సుగంధ పదార్థాల సమతుల్యత మాత్రం మెరుగుపడే అవకాశం ఉంటుంది. అయితే ఈ మెరుగుదల దానంతట అది రైతు ఇంటికి ఆదాయంగా చేరదు. మోజెల్ లోయ చరిత్ర ఈ రెండు అంశాలకూ సాక్ష్యంగా నిలుస్తుంది.

మోజెల్ నది ఫ్రాన్సులోని వోజ్ పర్వతాలలో పుట్టి, లక్సెంబర్గు సరిహద్దు మీదుగా జర్మనీలో ప్రవేశించి, కోబ్లెంజ్ వద్ద రైన్ నదిలో కలుస్తుంది. ట్రియర్ నుండి కోబ్లెంజ్ వరకు నది అనేక మెలికలు తిరుగుతుంది. ఈ మెలికల వలన కొన్ని ఒడ్డులు దక్షిణానికి, నైరుతికి అభిముఖంగా నిలిచాయి. అట్టి ఒడ్డులే ద్రాక్షకు పేరెన్నికగన్న స్థలాలయ్యాయి. ఈ లోయలో ద్రాక్ష సాగు రోమన్ల కాలం నుండి ఉంది. సామాన్య శకం 371 ప్రాంతంలో కవి ఔసోనియస్ ఈ నదిపై రాసిన లాటిన్ కావ్యంలో ఒడ్డున గల ద్రాక్షతోటల వర్ణన ఉంది. పీస్పోర్ట్ గ్రామం వద్ద 4వ శతాబ్దానికి చెందిన రోమన్ ద్రాక్షరసం తీసే కట్టడం 1985లో బయటపడింది.

వాలు, ఎండ, నది

మోజెల్ లోయ సుమారు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. వైన్ ద్రాక్ష సాగుకు ఇది చాలాకాలం ఉత్తరపు అంచుగా పరిగణించబడింది. ఇంత ఉత్తరాన కాయ పక్వానికి రావడంలో వాలు పాత్రను ఒక చిన్న లెక్క ద్వారా గ్రహించవచ్చు.

సెప్టెంబరు 22 ప్రాంతంలో, అంటే కాయలో చక్కెర చేరే కాలంలో, అక్కడ మధ్యాహ్న సూర్యుడు క్షితిజరేఖకు 40 డిగ్రీల ఎత్తులో మాత్రమే ఉంటాడు. కిరణాలకు లంబంగా ఉన్న తలంపై పడే తీవ్రతను 100గా తీసుకుంటే, చదును నేలపై పడేది 64 మాత్రమే. దక్షిణానికి 30 డిగ్రీలు వాలిన నేలపై అది 94కు చేరుతుంది. అదే రోజు మధ్యాహ్నం హైదరాబాదు అక్షాంశంలో చదును నేలపై పడేది సుమారు 95. కిరణాలు వాతావరణంలో కోల్పోయే శక్తిని ఈ లెక్కలో చేర్చలేదు. అయినప్పటికీ, కేవలం కోణం పరంగా చూస్తే, ఉత్తర ఐరోపాలోని ఒక కొండవాలు తనకు ఎదురుగా నిలిచిన శరత్కాలపు సూర్యుని నుండి దక్కను పీఠభూమి చదును నేలతో సమానమైన వాటాను రాబట్టుకుంటున్నదని చెప్పవచ్చు.

వాలును అక్కడ శాతంలో కొలుస్తారు. 100 మీటర్ల అడ్డదూరానికి 30 మీటర్లు ఎత్తు పెరిగితే అది 30 శాతం వాలు. డిగ్రీలలో దాదాపు 17. ఈ హద్దు దాటిన తోటను నిటారు వాలు తోటగా పరిగణిస్తారు. మోజెల్ విస్తీర్ణంలో సుమారు 40 శాతం ఈ కోవకు చెందినది. బ్రెమ్ గ్రామం వద్ద గల కాల్మోంట్ కొండపై వాలు కొన్ని చోట్ల 65 డిగ్రీలకు చేరుతుంది. అక్కడ మనిషి నిలబడటానికే రాతి మెట్టుగట్లు అవసరం.

వాలుకు నది తోడవుతుంది. నీటి రాశి పగటి వేడిని నిలువ ఉంచి రాత్రి చలి తీవ్రతను తగ్గిస్తుంది. చల్లని గాలి వాలు మీదుగా కిందికి జారిపోవడం వలన నడికొండ తోటలకు వసంతకాలపు మంచు దెబ్బ తక్కువగా తగులుతుంది. శరత్కాలపు ఉదయాలలో నది మీద లేచే పొగమంచు, మధ్యాహ్నపు ఎండ కలిసి బోట్రైటిస్ శిలీంధ్రం పెరుగుదలకు అనుకూలిస్తాయి. ఈ శిలీంధ్రం పచ్చి కాయపై సోకితే పంట నష్టం. పండిన కాయపై పొడి వాతావరణంలో సోకితే నీరు ఆవిరై చక్కెర చిక్కబడుతుంది. ఒకే జీవి పరిస్థితిని బట్టి తెగులుగానూ, వరంగానూ మారడం ఇక్కడ గమనించదగిన విషయం.

పలకరాయి నేల

ఈ వాలులలోని ప్రధాన శిల డెవోనియన్ యుగానికి చెందిన పలకరాయి. దీని వయస్సు సుమారు 40 కోట్ల సంవత్సరాలు. నీలి, బూడిద రంగులలో పొరలు పొరలుగా విడిపోయే ఈ రాయి ముక్కలు తోట ఉపరితలాన్ని కప్పి ఉంటాయి. అవి పగలు వేడెక్కి సాయంత్రం వేళ ఆ వేడిని గుత్తుల వైపు విడుదల చేస్తాయి. ఆచ్ఛాదన వలె పనిచేసి నేలలోని తేమ త్వరగా ఆవిరి కాకుండా, వాన దెబ్బకు మట్టి కొట్టుకుపోకుండా కాపాడతాయి. అధిక నీరు పగుళ్ళ గుండా దిగిపోతుంది. వేర్లు కూడా అవే పగుళ్ళ గుండా లోతుకు చేరుతాయి.

ఈ వైన్లలో రాతి రుచి ఉంటుందని వినియోగదారులు తరచుగా చెబుతారు. రాయి కరిగి రుచిగా వైన్‌లోకి చేరుతుందనుకోవడం సరికాదు. వేర్లు గ్రహించేది అయాన్ల రూపంలోని పోషకాలను మాత్రమే. అవి వైన్‌లో ఉండే స్వల్ప పరిమాణంలో రాతి రుచిని ఇవ్వలేవు. నేల ప్రభావం ఉష్ణోగ్రత, నీటి లభ్యత, నత్రజని సరఫరా, వేర్ల లోతు అనే మార్గాల ద్వారా పరోక్షంగా వస్తుంది. విద్యార్థులు ఈ భేదాన్ని గుర్తుంచుకోవడం అవసరం.

పలకరాయి నేలకు మరొక విశేషం ఉంది. ద్రాక్ష వేరును ఆశించే ఫిలాక్సెరా అనే పేనుజాతి పురుగు 19వ శతాబ్దం రెండవ భాగంలో ఐరోపా తోటలను నాశనం చేసింది. ఆ తరువాత అమెరికా జాతుల వేరుమూలాలపై అంటుకట్టడం తప్పనిసరి అయింది. రాళ్ళు నిండి, మట్టి తక్కువగా ఉండే పలకరాయి వాలులలో ఈ పురుగు సులభంగా వ్యాపించలేదు. అందువలన మోజెల్‌లో నేటికీ సొంతవేర్లపై నిలిచిన పాత తీగలు అనేక చోట్ల కనిపిస్తాయి.

రీస్లింగ్ రకం స్వభావం

రీస్లింగ్ జర్మన్ ప్రాంతపు పాత రకం. దీని ప్రస్తావన మొదటిసారిగా 1435 నాటి ఒక లెక్కల పత్రంలో రైన్ ప్రాంతంలోని రూసెల్స్‌హైమ్ వద్ద లభిస్తుంది. 1787లో ట్రియర్ పాలకుడు క్లెమెన్స్ వెన్సెస్లాస్ నాసి రకాల తీగలను తొలగించి మేలైన రకాలు నాటాలని ఆజ్ఞాపించాడు. మోజెల్‌లో రీస్లింగ్ వ్యాప్తికి ఇది ముఖ్యమైన మలుపుగా భావిస్తారు. నేడు మోజెల్ విస్తీర్ణంలో 60 శాతానికి పైగా ఈ రకమే ఉంది.

ఈ రకం ఆలస్యంగా చిగురిస్తుంది, ఆలస్యంగా పండుతుంది, కొయ్య చలిని బాగా తట్టుకుంటుంది. గుత్తి చిన్నది, గింజలు దగ్గర దగ్గరగా ఉంటాయి. జూన్ మధ్యలో పూతకు వచ్చిన తోట అక్టోబరులో కోతకు వస్తుంది. ఈ నాలుగు నెలల నెమ్మదైన పక్వతే నాణ్యతకు కీలకం. గింజలోని మాలిక్ ఆమ్లం శ్వాసక్రియలో ఖర్చవుతుంది. ఉష్ణోగ్రత పెరిగిన కొద్దీ ఈ ఖర్చు వేగవంతమవుతుంది. రాత్రులు చల్లగా ఉన్నప్పుడు ఆమ్లం నిలిచి ఉండగా, పగటి ఎండలో చక్కెర చేరుతుంది. పువ్వుల, పండ్ల వాసననిచ్చే టెర్పీన్ జాతి పదార్థాలు కూడా ఈ కాలంలోనే తొక్కలో ఏర్పడతాయి.

ఏడాది పొడవునా తోట పనులు

నిటారు వాలులో సంప్రదాయ పద్ధతి ఒక్కొక్క తీగకు ఒక్కొక్క గుంజ. పందిరి గాని, తీగెల వరుసలు గాని ఉండవు. హెక్టారుకు 8 నుండి 10 వేల తీగలు నాటేవారు. గుంజల మధ్య రైతు ఏ దిశలోనైనా నడవగలగడం దీని ప్రయోజనం. వరుసలు అడ్డుగా ఉంటే వాలులో పక్కకు కదలడం సాధ్యం కాదు.

జనవరి నుండి మార్చి వరకు కొమ్మ కత్తిరింపులు జరుగుతాయి. ప్రతి తీగకు రెండు పొడవాటి కొమ్మలను ఉంచి మిగిలినవి తొలగిస్తారు. తరువాత ఆ రెండు కొమ్మలను చెరొక వైపు వంచి, కొనలను గుంజకు కట్టినప్పుడు హృదయాకారం ఏర్పడుతుంది. గాలిలో తేమ ఉన్న రోజున కొమ్మ విరగకుండా వంగుతుంది కనుక ఈ పనికి తగిన రోజులు పరిమితం. ఏప్రిల్‌లో చిగుళ్ళు, మే–జూన్ నెలలలో అదనపు చిగుళ్ళ తొలగింపు, లేత రెమ్మలను గుంజకు కట్టడం, జూలై–ఆగస్టులలో గుత్తుల వద్ద ఆకుల పలుచన, అవసరమైతే గుత్తుల పలుచన క్రమంగా సాగుతాయి. ఇవన్నీ చేతిపనులే.

సస్యరక్షణలో బూజు తెగులు, బూడిద తెగులు ప్రధాన సమస్యలు. తడి సంవత్సరాలలో పిచికారీల మధ్య వ్యవధి బాగా తగ్గుతుంది. ట్రాక్టరు వెళ్ళలేని వాలులలో పూర్వం రైతులు పొడవాటి గొట్టాలను లాగుతూ మందు చల్లేవారు. అనేక దశాబ్దాలుగా హెలికాప్టర్ల ద్వారా పిచికారీ చేయడం అమలులో ఉంది. ఇటీవల డ్రోన్లు కూడా వినియోగంలోకి వచ్చాయి. దుక్కికి కొండపైన నిలిపిన యంత్రం నుండి ఇనుప తాడుతో నాగలిని పైకి లాగే పద్ధతి పాతది. ఒంటిపట్టా మీద నడిచే చిన్న బండి మనుషులను, గుత్తులను మోసుకొని పోతుంది.

భారీ వాన కురిస్తే మట్టి, పలకరాయి ముక్కలు కిందికి జారుతాయి. వాటిని తిరిగి పైకి చేర్చడం, కూలిన రాతిగోడలను సున్నం, సిమెంటు లేకుండా పేర్చడం ఆ కుటుంబాల పని. ఈ పని లెక్కలలోకి రాదు. చేయకపోతే మాత్రం కొన్నేళ్ళలో తోట రూపుమాసిపోతుంది.

కోత, వైన్ తయారీ

ద్రాక్షరసం పక్వతను అక్కడ ఓక్స్‌లె డిగ్రీలలో కొలుస్తారు. ఒక లీటరు రసం, ఒక లీటరు నీటి కంటే ఎన్ని గ్రాములు ఎక్కువ బరువు తూగుతుందో అదే ఓక్స్‌లె విలువ. 80 ఓక్స్‌లె అనగా సాంద్రత 1.080, మనకు పరిచితమైన బ్రిక్స్ కొలతలో ఇది సుమారు 19. ఈ విలువ ఆధారంగా, పెరుగుతున్న క్రమంలో, కబినెట్, ష్పేట్‌లేజె, ఔస్‌లేజె, బేరెన్‌ఔస్‌లేజె, ట్రోకెన్‌బేరెన్‌ఔస్‌లేజె అనే తరగతులు ఉన్నాయి. చివరి రెండింటికి మోజెల్‌లో కనీసం 110, 150 ఓక్స్‌లె ఉండాలి. చివరి తరగతికి బోట్రైటిస్ సోకి ఎండుద్రాక్ష వలె ముడుచుకున్న గింజలను ఒక్కొక్కటిగా ఏరుతారు. తోటలోనే గడ్డకట్టిన గుత్తులను పిండి తీసే ఐస్ వైన్‌కు ఉష్ణోగ్రత మైనస్ 7 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ ఉండాలి.

ఒకే తోటలో కోత పలుమార్లు సాగుతుంది. ఏ గుత్తిని నేడు కోయాలి, దేనిని వారం ఆపాలి అనే నిర్ణయం తోటను తరతరాలుగా ఎరిగిన వారి చేతిలో ఉంటుంది. కుటుంబ తోటకు పెద్ద సంస్థపై ఉన్న నిజమైన ఆధిక్యం ఇదే.

కోసిన గుత్తులను మెల్లగా పిండి, రసాన్ని తేర్చి, నేలమాళిగలోని పీపాలలో పులియబెడతారు. మోజెల్ సంప్రదాయ ఓక్ పీపాను ఫూడర్ అంటారు. దీని పరిమాణం సుమారు 1,000 లీటర్లు. చల్లని మాళిగలో పులియడం వారాలు, ఒక్కొక్కసారి నెలల తరబడి నెమ్మదిగా జరుగుతుంది. 85 ఓక్స్‌లె గల రసంలో లీటరుకు సుమారు 195 గ్రాముల చక్కెర ఉంటుంది. ఒక శాతం ఆల్కహాలుకు సుమారు 17 గ్రాముల చక్కెర ఖర్చవుతుంది. మొత్తం పులిస్తే 11.5 శాతం ఆల్కహాలు గల పొడి వైన్ వస్తుంది. 8 శాతం వద్ద చల్లబరచి ఆపివేస్తే సుమారు 60 గ్రాముల చక్కెర మిగులుతుంది. ఇంత తీపి ఉన్నా ఆ వైన్ వెగటు కలిగించకపోవడానికి కారణం లీటరుకు 7 నుండి 9 గ్రాముల వరకు ఉండే ఆమ్లత. తీపి, పులుపు ఒకదానినొకటి నిలుపుకొనే ఈ సమతుల్యతే మోజెల్ వైన్ విశిష్టత. ఆమ్లత, చక్కెర కలిసి నిల్వకు తోడ్పడటం వలన మంచి సంవత్సరపు సీసాలు దశాబ్దాల పాటు నిలుస్తాయి. కాలక్రమంలో కెరోటినాయిడ్ల నుండి ఏర్పడే టి.డి.ఎన్. అనే పదార్థం పాత రీస్లింగ్‌కు కిరోసిన్‌ను తలపించే వాసననిస్తుంది. స్వల్పంగా ఉన్నంత వరకు దానిని రసజ్ఞులు గుణంగానే పరిగణిస్తారు.

శ్రమ లెక్క

చదును నేలలో యంత్రాలతో సాగు చేసే తోటకు హెక్టారుకు ఏడాదికి కొన్ని వందల పనిగంటలు సరిపోతాయి. నిటారు వాలులో అది వెయ్యి గంటలు దాటుతుంది. మెట్టుగట్ల తోటలలో ఇంకా ఎక్కువ. ఉదాహరణకు వాలు తోటలో హెక్టారుకు 1,200 గంటల శ్రమ, 50 హెక్టోలీటర్ల దిగుబడి. చదును తోటలో 300 గంటల శ్రమ, 90 హెక్టోలీటర్ల దిగుబడి అనుకుందాం. మొదటి తోట నుండి 750 మిల్లీలీటర్ల సీసాలు సుమారు 6,670, రెండవ తోట నుండి 12,000 వస్తాయి. సీసా ఒక్కింటికి తోటపని వాలులో దాదాపు 11 నిమిషాలు, చదునులో నిమిషంన్నర. 2025లో జర్మనీలోని చట్టబద్ధ కనీస వేతనం గంటకు 12.82 యూరోలు. ఆ లెక్కన సీసాకు కూలి ఖర్చు వాలులో సుమారు 2.30 యూరోలు, చదునులో 30 సెంట్ల పైచిలుకు. వైన్ తయారీ, సీసా, అమ్మకం ఖర్చులు వీటికి అదనం.

పీపాల లెక్కన టోకు వర్తకులకు అమ్మే కుటుంబానికి ఈ ఏడు రెట్ల భేదం తిరిగి రాదు, ఎందుకంటే టోకు ధర వాలును చూడదు. తన పేరుతో సీసా నింపి, వినియోగదారునికి నేరుగా అమ్మే కుటుంబమే ఆ భేదాన్ని రాబట్టుకోగలదు. అందువలన అనేక కుటుంబాలు అతిథి గదులు నిర్వహించడం, ఏడాదిలో పరిమిత నెలలు ఇంటి ముంగిట వైన్, భోజనం అమ్మడం వంటి పనులను సాగుకు జోడించాయి. కోత కాలంలో తూర్పు ఐరోపా నుండి వచ్చే కూలీలపై ఆధారపడటం కూడా సాధారణమైంది.

చరిత్ర నేర్పిన పాఠం: నాణ్యత, పేరు

ఈ సమస్య కొత్తది కాదు. ఫ్రెంచి పాలనలో అమలైన వారసత్వ నియమాల వలన భూమి సంతానమందరికీ సమానంగా పంచబడి, కమతాలు చిన్న చిన్న ముక్కలయ్యాయి. 1815 తరువాత మోజెల్ ప్రష్యా రాజ్యంలో చేరింది. సుంకాల రక్షణ వలన కొంతకాలం ధరలు బాగుండి తోటలు విస్తరించాయి. 1834లో జర్మన్ రాజ్యాల సుంకాల కూటమి ఏర్పడటంతో దక్షిణ ప్రాంతాల చౌక వైన్లు మార్కెట్టులోకి వచ్చాయి. ధరలు పడిపోయి రైతులు అప్పులపాలయ్యారు. ట్రియర్‌లో పుట్టిన కార్ల్ మార్క్స్ 1843లో పత్రికా సంపాదకుడుగా మోజెల్ ద్రాక్ష రైతుల దైన్యంపై రాశాడు. ఆర్థిక విషయాల వైపు తన దృష్టి మళ్ళడానికి ఈ రైతుల పరిస్థితి ఒక కారణమని 1859లో ఆయనే పేర్కొన్నాడు.

ఆ శతాబ్దం చివరికి పరిస్థితి మారింది. 1868లో వెలువడిన భూమి శిస్తు పటం తోటలను వాటి నికర రాబడిని బట్టి తరగతులుగా చూపింది. ఏ వాలు మేలైనదో కొనుగోలుదారుకు కూడా తెలిసింది. 1900 ప్రాంతంలో మోజెల్, రైన్ ప్రాంతాల ఉత్తమ రీస్లింగ్ వైన్లు ప్రసిద్ధ బోర్డో ఎర్ర వైన్లకు సాటిగా, ఒక్కొక్కప్పుడు మించి ధర పలికాయి. 1908లో ఉత్పత్తిదారులు ట్రియర్‌లో వేలం సంఘాన్ని నెలకొల్పుకున్నారు. వేలం నేటికీ ఏటా సాగుతున్నది.

మోజెల్ సీసాపై గ్రామం పేరు, తోట పేరు కలిసి ఉంటాయి. మనకు బంగినపల్లి మామిడి, గుంటూరు మిర్చి ఎలాగో వారికి వెలెన్ గ్రామపు ‘సూర్యగడియారం’ తోట అలాగే. 1842లో కొండపై రాతిలో చెక్కిన గడియారం వలన ఆ తోటకు ఆ పేరు వచ్చింది. ఇటువంటి పేరు రైతు కుటుంబానికి భూమితో సమానమైన ఆస్తి. 1971 నాటి వైన్ చట్టం ఈ ఆస్తిని పలుచన చేసింది. వేలాది చిన్న తోటల పేర్లు రద్దయ్యాయి. ప్రసిద్ధ గ్రామం పేరును పొరుగు గ్రామాల చదును భూముల వైన్లకు కూడా వాడుకునే పెద్ద సముదాయాలు ఏర్పడ్డాయి. పీస్పోర్ట్ పేరుతో వచ్చే సీసాలో ఆ కొండవాలు ద్రాక్ష ఉన్నదో లేదో సామాన్య వినియోగదారునికి తెలియని స్థితి వచ్చింది. చక్కెర శాతమే నాణ్యతకు కొలమానం కావడంతో చదును నేలలో త్వరగా పండే ముల్లర్–టుర్గౌ వంటి రకాలు విస్తరించాయి. తీపి వైన్ చౌకగా దొరికే సరుకుగా మారి, కొండ రైతు వైన్ విలువను కూడా కిందికి లాగింది. 2021లో సవరించిన చట్టం తిరిగి మూలస్థానాన్ని ప్రాతిపదికగా చేసింది. స్థలం ఎంత చిన్నదైతే నాణ్యతా నియమం అంత కఠినం అన్నది దాని సూత్రం.

వాతావరణ మార్పు, విడిచిన తోటలు

వెనుకటి తరాలకు కాయ పండకపోవడమే భయం. నేడు పక్వత దాదాపు ఏటా లభిస్తున్నది, కోత ముందుకు జరిగింది. ఇది మేలుగా కనిపించినా, దీనిలో కొండ రైతుకు ఒక ప్రమాదం దాగి ఉంది. ఒకప్పుడు పండని చల్లని పక్కలోయలు, తక్కువ వాలు భూములు ఇప్పుడు పండుతున్నాయి. పక్వత అనే కొండవాలు ప్రత్యేక హక్కు అంతరించగా శ్రమభారం మాత్రం మిగిలింది. పైగా పలుచని రాతినేలలో 2018, 2022 వంటి పొడి సంవత్సరాలలో లేత తోటలు నీటి ఎద్దడికి గురయ్యాయి. 2019 జూలైలో తీవ్రమైన ఎండకు గుత్తులు మాడాయి. ఆ సంవత్సరపు పంటకు జర్మనీలోని 13 ద్రాక్ష ప్రాంతాలలో ఎక్కడా ఐస్ వైన్ కోతకు తగిన చలి రాలేదు. మరొక వైపు ముందుగా చిగురించిన తోటలను ఏప్రిల్ మంచు దెబ్బతీస్తున్నది. 2024 ఏప్రిల్‌లో సార్, రూవర్ ఉపనదుల లోయలు తీవ్రంగా నష్టపోయాయి.

వారసులు లేక విడిచిపెట్టిన తోటల వలన మరొక సమస్య తలెత్తింది. ముళ్ళపొదల మధ్య మిగిలిన తీగలు తెగుళ్ళకు ఆశ్రయమవుతాయి. 2002 తరువాత మోజెల్‌లో నల్లకుళ్ళు తెగులు విజృంభించడానికి ఇట్టి తోటలే ముఖ్య కారణమని గుర్తించారు. రాతిగోడల మధ్య వేడిని ఆశ్రయించి బ్రతికే బల్లులు, దిగువ మోజెల్‌కు ప్రత్యేకమైన అపోలో సీతాకోకచిలుక ఉపజాతి కూడా పొదలు కమ్ముకున్న కొద్దీ తావు కోల్పోతాయి. ఒక కుటుంబం తోట విడిచితే నష్టం ఆ కుటుంబంతో ఆగదు.

దీనికి ప్రతిగా కొన్ని చర్యలు అమలులో ఉన్నాయి. ప్రభుత్వం నిటారు వాలు సాగుకు హెక్టారు లెక్కన సహాయం అందిస్తున్నది. బెర్న్‌కాస్టెల్–కూస్‌లోని ప్రభుత్వ విస్తరణ కేంద్రం నిటారు వాలు సాగుపై ప్రత్యేకంగా కృషి చేస్తున్నది. వాలుకు అడ్డంగా సన్నని గట్లు తీసి చిన్న ట్రాక్టరు నడిచేలా మార్చే అడ్డగట్ల పద్ధతి, తాడుతో నడిచే కోత యంత్రాలు శ్రమను గణనీయంగా తగ్గిస్తున్నాయి. అయితే గట్లకు కొంత నేల, తీగల సంఖ్య కోల్పోవలసి వస్తుంది.

తెలుగు ప్రాంతాలకు అన్వయం

హైదరాబాదు పరిసరాలు ఒకప్పుడు అనాబ్–ఎ–షాహి ద్రాక్షకు ప్రసిద్ధి. అక్కడి తోటలు తగ్గిపోయినది ద్రాక్ష పండక కాదు. నగరం విస్తరించి భూమికి పంట కంటే ఎక్కువ విలువ రావడం అందుకు ముఖ్య కారణం. మోజెల్ సంకట స్థితికి ఇది మరొక రూపం. ఇక కొండవాలు సాగు విషయంలో సరైన పోలిక అరకు కాఫీ. గిరిజన కుటుంబాలు చిన్న కమతాలలో, చెట్ల నీడన, చేతితో ఏరి పండించే ఈ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. గుర్తింపు పత్రం లభించడం మొదటి మెట్టు మాత్రమేనని మోజెల్ అనుభవం చెబుతున్నది. పేరును ఎవరు, ఏ హద్దులలో, ఏ నాణ్యతకు వాడవచ్చునన్న నియమం సడలితే ఆ పేరు కొండ రైతుకే ఎదురు తిరుగుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు గమనించదగిన అంశాలు మూడు. మొదటిది, కష్టమైన భూమిలో సాగు సిఫారసు చేసేటప్పుడు ఎకరా దిగుబడితో పాటు అమ్మే యూనిట్‌కు పడే శ్రమను లెక్కించాలి. రెండవది, నాణ్యతను ఒకే కొలమానానికి కుదిస్తే ఆ కొలమానాన్ని చౌకగా సాధించే భూమి, రకం వైపే సాగు మళ్ళుతుంది. 1971 తరువాత జరిగినది అదే. మూడవది, యాంత్రీకరణ వాలును తొలగించేదిగా కాక, వాలులో మనిషి శ్రమను తగ్గించేదిగా ఉండాలి.

ముగింపు

మోజెల్ తెల్ల వైన్ నాణ్యతకు ఎండకు ఎదురుగా నిలిచిన వాలు, వేడిని దాచుకునే పలకరాయి, ఆలస్యంగా పండే రకం, ఏ గుత్తి ఎప్పుడు కోయాలో ఎరిగిన కుటుంబం అనే నాలుగు అంశాలు ఆధారం. మొదటి మూడు ప్రకృతి, ఎంపికల ఫలితాలు. అవి నేటికీ అక్కడే ఉన్నాయి. నాల్గవది ఏటేటా తగ్గుతున్నది. వాలులో పనిచేసిన ఆ పదకొండు నిమిషాల శ్రమకు సీసా ధరలో చోటు దొరికినంత కాలమే ఆ తోట నిలుస్తుంది. ఆ చోటును కల్పించేది స్థలనామం పట్ల నిజాయితీ, తగిన పరికరాలు, నేరు మార్కెట్టు. ఇవి లేని చోట ఉత్తమమైన వాలు సైతం ఒక తరంలో ముళ్ళపొదగా మారగలదని మోజెల్ లోయలో తగ్గిపోయిన విస్తీర్ణం తెలియజేస్తున్నది.